అర్జీ పట్టుకెళ్ళే ఊరి మాటే చెల్లుతుందా?

రాజకీయాల్లో చురుగ్గా ఉండే జనానికి వాళ్ళ ఎమ్మెల్యే, ఎంపీ ఎక్కువ పలుకుతారా? మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎవర్ని అడిగినా ముందు వచ్చే జవాబు "పలుకుబడి ఉన్నోళ్ళకే పలుకుతారు" అని. అందులో నిజం లేకపోలేదు. కానీ చురుకుదనంలో రెండు రకాలున్నాయి. పార్టీ జెండా పట్టుకుని తిరగడం ఒకటి. ఒక పని పట్టుకుని, కాగితం మీద పెట్టి, అది తేలేదాకా వదలకపోవడం ఇంకొకటి. మన దగ్గర ప్రాతినిధ్యం ఎక్కువగా దొరికేది రెండోవాళ్ళకేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఓటు సంగతి ముందు తేల్చేద్దాం. 2024 మే 13న మన రాష్ట్రంలో 80 శాతం పైనే పోలింగ్ జరిగింది. ఇంతమంది ఓటేసే చోట ఓటేసినందువల్ల మాత్రమే ఏ ఊరికీ ప్రత్యేకమైన గుర్తింపు రాదు. అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ ఓటర్లలో పెద్ద భాగం పోలింగ్ బూతు మొహం చూడరు. 2005లో జాన్ గ్రిఫిన్, బ్రయాన్ న్యూమన్ అనే ఇద్దరు పరిశోధకులు అక్కడి సెనేటర్లు సభలో వేసిన ఓట్లను జనం అభిప్రాయాలతో పోల్చి చూశారు. ఓటేసినవాళ్ళ అభిప్రాయాలు సెనేటర్ల తీరులో కనిపించాయి, వెయ్యనివాళ్ళవి కనిపించలేదు. ఆ ఫలితాన్ని ఉన్నది ఉన్నట్టు ఇక్కడికి తెచ్చుకోలేం. ఎందుకంటే సభలో ఓటు మన ఎమ్మెల్యే చేతిలో ఉండదు.

1985లో 52వ రాజ్యాంగ సవరణతో పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే పదో షెడ్యూలు వచ్చింది. పార్టీ విప్ (ఎటు ఓటెయ్యాలో చెప్పే ఆదేశం) జారీ చేశాక దానికి విరుద్ధంగా ఓటేసినా, ఓటింగుకు రాకపోయినా సభ్యత్వం పోయే ప్రమాదం ఉంది. కాబట్టి ఏ బిల్లు మీదైనా మన నియోజకవర్గం అభిప్రాయాన్ని బట్టి ఓటు వెయ్యమని ఎమ్మెల్యేని అడగడం దాదాపు వృథా. చాలామంది చదువుకున్నవాళ్ళు ఇక్కడే ఆగిపోయి "వీళ్ళేం ప్రతినిధులు" అని నిట్టూరుస్తారు. ప్రాతినిధ్యం బిల్లు మీద ఓటుతోనే అయిపోదు. సభలో అడిగే ప్రశ్న ఉంది, అధికారికి రాసే ఉత్తరం ఉంది, జిల్లా సమావేశాల్లో లేవనెత్తే అంశం ఉంది, ఎంపీ నిధుల సిఫారసు ఉంది. ఈ నాలుగూ సభ్యుడి చేతిలోనే ఉన్నాయి. వీటిలో మొదటి మూడింటికీ విప్ అడ్డు రావడం అరుదు, నాలుగోదానికి విప్‌తో పనే లేదు.

మరి పార్టీ కార్యకర్తల మాటేమిటి? ఎమ్మెల్యే ఇంటికి ఎప్పుడైనా వెళ్ళగలిగేది వాళ్ళే, పేరుపెట్టి పిలిపించుకునేదీ వాళ్ళే. ఆ చనువు బదిలీకో, కాంట్రాక్టు బిల్లు పాస్ అవడానికో పనికొస్తుంది. ఊరి మొత్తానికి పనికొచ్చేది తక్కువ. ఓట్లు ఎటు పడతాయో ముందే తేలిపోయిన ఊరి విషయంలో అధికార పార్టీకి తొందర ఉండదు, ప్రతిపక్షానికి ఆశ ఉండదు. రెండు పార్టీలవాళ్ళూ ఒకే అర్జీ మీద సంతకం పెట్టిన ఊరు కనిపిస్తే మాత్రం ఎవరైనా ఆగి చదువుతారు. జెన్నిఫర్ బస్సెల్ అనే పరిశోధకురాలు మన దేశంలోనే పరిశీలించి చెప్పింది కూడా దీనికి దగ్గరగా ఉంది. సాయం కోరి వచ్చే మనుషుల విషయంలో పై స్థాయి ప్రజాప్రతినిధులు చాలావరకు పార్టీ చూడరు. కింది స్థాయిలో దారి మూసుకుపోయినవాళ్ళే పైకి వస్తుంటారు. ఊరి పెద్ద "మీది ఆ పార్టీ కదా" అని తిప్పి పంపిస్తే, నేరుగా ఎమ్మెల్యే కార్యాలయానికి వెళ్ళడానికి జంకక్కర్లేదన్నమాట. ముఖ్యమంత్రి సహాయనిధికి ఆసుపత్రి బిల్లులు పెట్టుకునేటప్పుడు ఎమ్మెల్యే సిఫారసు లేఖ అడుగుతారు. ఆ లేఖ కోసం వెళ్ళేటప్పుడు ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు జిరాక్సు ఒకేసారి పట్టుకెళ్ళండి. ఒక్క కాగితం తగ్గినా ఇంకో వారం తిరగాలి.

ఇప్పుడు అర్జీ దగ్గరికి వద్దాం, అసలు విషయమంతా అక్కడే ఉంది. ఎమ్మెల్యే పర్యటనకి వచ్చినప్పుడు జనం ఇచ్చే వినతిపత్రాల్లో చాలావాటిలో "మా గ్రామంలో నీటి సమస్య తీవ్రంగా ఉంది, తమరు దయతో పరిష్కరించగలరు" అని ఉంటుంది. కింద పదిమంది వేలిముద్రలు, సంతకాలు. ఎమ్మెల్యే దాని మీద "పరిశీలించి తగు చర్య తీసుకోగలరు" అని రాసి సంతకం పెట్టి పీఏ చేతికిస్తారు. పీఏ దాన్ని ఎంపీడీవోకి పంపిస్తాడు. ఏ నీరు, తాగేదా, పొలానిదా? అది తెలీక ఎంపీడీవో గ్రామీణ నీటిసరఫరా ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకి) పంపిస్తాడు. ఆయన "మా శాఖ పరిధిలోనిది కాదు" అని తిప్పి పంపిస్తాడు. అక్కడితో ఆ కాగితం చచ్చిపోతుంది. దీనికి ఎమ్మెల్యేని తిట్టి లాభం లేదు.

అదే అర్జీని ఇలా రాస్తే వేరుగా ఉంటుంది. వంశధార ఎడమ కాలువ కింద శివారు ఊరు అనుకుందాం. పైన: ఏ డిస్ట్రిబ్యూటరీ (పిల్ల కాలువ), ఎన్నో కిలోమీటరు దగ్గర, ఏ మదుము (తూము). మధ్యలో: షట్టరు తుప్పు పట్టి ఎత్తలేకపోతున్నారా, మదుము ముందు పూడిక పేరుకుందా, పైవాళ్ళు అడ్డుకట్ట వేశారా, ఏదో ఒక్కటే కారణం. తర్వాత సర్వే నంబర్లు, ఎన్ని ఎకరాలు, ఎన్ని ఖరీఫ్‌లుగా నీరందలేదు. జియోట్యాగ్ ఉన్న ఫొటోలు రెండు, ఒకటి మదుము దగ్గర, ఒకటి ఎండిన పొలంలో. చివర్లో కావలసింది ఒకే వాక్యంలో: "ఫలానా మదుము షట్టరు మార్చడానికి ఎస్టిమేట్ వేయించాలి." అడ్రసు నీటిపారుదల శాఖ ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకి), కాపీ ఎమ్మెల్యేకి, కాపీ నీటి సంఘం అధ్యక్షుడికి. రైతులే నీటి నిర్వహణ చూసుకోవాలని 1997లో చట్టం వచ్చింది, 2024 డిసెంబరు 14న నీటి సంఘాలకు మళ్ళీ ఎన్నికలు జరిగాయి కాబట్టి ఇప్పుడు అడగడానికి మనిషి ఉన్నాడు. ఆ సంఘం తీర్మానం జత చేస్తే, ఈఈ దాన్ని మామూలు అర్జీలా పక్కన పెట్టలేడు.

"పనులు చేయించండి" అని కాకుండా "ఎస్టిమేట్ వేయించండి" అని ఎందుకు అడగాలంటే, ఎస్టిమేట్ లేని పనిని మంత్రి కూడా మంజూరు చెయ్యలేరు. ఏఈ కొలతలు తీసి, ఆయన పైన ఉండే డీఈ తనిఖీ చేసి, ఈఈ సంతకం పడ్డాకే దానికి ఒక మొత్తం, ఒక ఫైలు నంబరు వస్తాయి. ఆ నంబరు చేతిలో ఉంటే ఎమ్మెల్యే ఉత్తరానికి పదును వస్తుంది. లేకపోతే ఆయన ఎంత గట్టిగా రాసినా గాల్లో రాసినట్టే.

సమయం కూడా అంతే ముఖ్యం. కాలువ పనులు నీళ్ళు కట్టేసిన వేసవిలోనే చెయ్యగలరు. జూలైలో నీళ్ళు వదిలాక షట్టరు గురించి అర్జీ ఇస్తే ఏడాది పోయినట్టే. బడ్జెట్టులోకి ఎక్కాల్సిన పెద్ద పని అయితే ఫిబ్రవరి, మార్చిలో సభ జరుగుతున్నప్పుడు అడిగితే ఆలస్యమైపోతుంది. శాఖలు ప్రతిపాదనలు తయారుచేసేది అంతకు కొన్ని నెలల ముందు. అక్టోబరు, నవంబరు నాటికే ఎస్టిమేట్ ఈఈ దగ్గర ఉండాలి.

రోడ్ల విషయంలో జరిగే పొరపాటు ఇంకా సులువైనది. ఊరి రోడ్డు పంచాయతీరాజ్‌దో, ఆర్ అండ్ బీదో తెలుసుకోకుండా రాస్తారు. కల్వర్టు దగ్గర గెడ్డ పొంగి రోడ్డు కోసుకుపోతే అది ఎవరి కల్వర్టో మండల ఇంజనీరింగ్ కార్యాలయంలో అడిగి, ఆ తర్వాతే కాగితం రాయండి. రైలు విషయమైతే మరీ జాగ్రత్త. పలాస దాటి ఇచ్ఛాపురం వైపు లైను ఏళ్ళ తరబడి ఖుర్దా రోడ్ డివిజన్ కింద నడిచింది, ఇప్పుడు ఏ డివిజన్ కిందుందో కనుక్కున్నాకే రాయండి. సోంపేట స్టేషన్‌లో రైలు ఆగాలని సంబంధం లేని డీఆర్ఎంకి (రైల్వే డివిజన్ మేనేజరుకి) రాసి ఎదురుచూస్తే జవాబు రాదు.

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే పీజీఆర్ఎస్ (ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక), జనం ఇప్పటికీ గ్రీవెన్స్ అనే పిలుస్తారు, మంచి ఏర్పాటే. మండల కార్యాలయంలో కూడా ఇవ్వొచ్చు, 1100కి ఫోన్ కూడా చెయ్యొచ్చు. తప్పు జరిగేది ఎక్కడంటే, అర్జీ చివరికి ఎవరి మీద ఫిర్యాదో ఆ అధికారి టేబుల్ మీదకే చేరుతుంది. ఆయన "పరిష్కరించబడింది" అని మూసేస్తాడు. రసీదు నంబరు దాచుకుని, మూసేసిన వెంటనే మళ్ళీ తెరవమని అడగాలి. రెండోసారి కూడా అలాగే మూస్తే అప్పుడు ఆ రెండు రసీదులూ ఎమ్మెల్యేకి ఇవ్వండి. ఆయనకి కావలసింది అదే: సమస్య ఉందని కాదు, అధికారులు రెండుసార్లు తప్పుడు జవాబు ఇచ్చారని చూపించే కాగితం. సమీక్షా సమావేశంలో లేచి చదవడానికి అది పనికొస్తుంది.

కాగితం సంపాదించడానికి సమాచార హక్కు ఉంది. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు. "ఎందుకు చెయ్యలేదు" అని అడగకండి, దానికి జవాబు చెప్పక్కర్లేదని తప్పించుకుంటారు. "ఫలానా ఎస్టిమేట్ ప్రస్తుత స్థితి, నోట్ ఫైలు నకలు ఇవ్వండి" అని అడగండి.

సభలో ప్రశ్న అడిగించాలనుకునేవాళ్ళు ఒక సంగతి ముందే చూసుకోవాలి. మంత్రిగా ఉన్న సభ్యుడు ప్రశ్న అడగరు, జవాబు చెప్పేది ఆయనే. ఇప్పుడు టెక్కలి, గజపతినగరం ఎమ్మెల్యేలు రాష్ట్ర మంత్రులు, శ్రీకాకుళం ఎంపీ కేంద్ర మంత్రి. మంత్రిగారి ఊరు కాబట్టి పనులు ఎక్కువ జరగవచ్చు, అది వేరే సంగతి. కానీ సభలో ఒక ప్రశ్న వేయించి, లిఖితపూర్వకంగా జవాబు రాబట్టి, రికార్డులో పెట్టే దారి ఆ నియోజకవర్గాలకి మూసుకుపోయి ఉంటుంది. అప్పుడు పక్క నియోజకవర్గం సభ్యుడినో, ఎమ్మెల్సీనో పట్టుకోవాలి. లోక్‌సభలో ప్రశ్నకి కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రోజుకి 20 ప్రశ్నలకే నోటి జవాబు, 230 ప్రశ్నలకి రాతపూర్వక జవాబు. మనకి కావలసింది రాతపూర్వక జవాబే, అంకెలు అందులోనే వస్తాయి. ప్రశ్న 150 పదాలు దాటకూడదు, రాష్ట్రం పరిధిలోని విషయం అడిగితే తిప్పి పంపిస్తారు. కాబట్టి ప్రశ్న మనమే తయారుచేసి ఇస్తే సగం పని అయినట్టు. జాతీయ రహదారి, రైల్వే, చేపల రేవు, తుఫాను సాయంలో కేంద్రం వాటా, ఇలాంటివి ఎంచుకోవాలి.

ఎంపీకి ఏటా 5 కోట్ల రూపాయల నిధి ఉంటుంది, అందులో 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు ఉండే ప్రాంతాలకి ఖర్చు పెట్టాలి. గుడికి, ప్రైవేటు ఆస్తికి ఇవ్వరు. ఎంపీ సిఫారసు చేశాక 45 రోజుల్లో జిల్లా యంత్రాంగం మంజూరో తిరస్కారమో తేల్చాలి. స్థలం పంచాయతీదని చూపించే కాగితం లేకపోయినా పని ఆగిపోతుంది. ఎంపీ అధ్యక్షతన మూడు నెలలకోసారి జరగాల్సిన దిశ సమావేశంలో కేంద్ర పథకాలన్నీ చర్చకి వస్తాయి, అజెండాలో చేర్చమని ముందుగానే రాయొచ్చు.

చురుకైనవాళ్ళకే ప్రాతినిధ్యం అనే మాట అక్షరాలా నిజమైన చోటు ఒకటుంది: శాసనమండలిలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం పట్టభద్రుల నియోజకవర్గం. డిగ్రీ ఉంటే చాలదు. ప్రతి ఎన్నికకీ జాబితా కొత్తగా మొదలవుతుంది. పోయినసారి ఓటేశాను కదా అనుకుంటే పేరు ఉండదు. ఫారం 18 కొత్తగా నింపాలి, డిగ్రీ నకలు గెజిటెడ్ అధికారితో ధ్రువీకరించాలి. అర్హత తేదీ నవంబరు 1, దానికి మూడేళ్ళ ముందే డిగ్రీ పూర్తయి ఉండాలి. 2023 మార్చిలో ఎన్నికైన సభ్యుడి పదవీకాలం ఆరేళ్ళు, అంటే తర్వాతి జాబితాకి 2028 నవంబరు 1 లెక్కలోకి వస్తుంది. బ్యాలెట్ మీద పోలింగ్ సిబ్బంది ఇచ్చిన ఊదారంగు స్కెచ్ పెన్నుతోనే 1, 2, 3 అని అంకెలు వెయ్యాలి. టిక్ పెట్టినా, "ఒకటి" అని అక్షరాల్లో రాసినా, సంతకం చేసినా, 1 అంకె ఇద్దరికి వేసినా ఓటు చెల్లదు. డిగ్రీ చేతిలో ఉన్నవాళ్ళు వేలల్లో ఇలా పారేసుకోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం. ఇక్కడ నమోదు చేసుకున్నవాళ్ళ లెక్కే అభ్యర్థి చూసుకుంటాడు. అందుకే ఉద్యోగులు, పెన్షనర్లు, ఉద్యోగ నోటిఫికేషన్ల గురించి మాట వినిపిస్తుంది. పొలం పని చేసుకునే డిగ్రీ కుర్రాడి మాట వినపడదు.

అన్నిసార్లూ చురుకుదనానికి ఎమ్మెల్యే పలుకుతాడని చెప్పడం లేదు. సోంపేట బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దని జనం చేసినంత పని ఇంకెవరు చేశారు? 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్లాంటు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. జనం మాట చెల్లింది, కానీ చట్టసభ ద్వారా కాదు, అప్పీలు ద్వారా. ప్రభుత్వమే తీసుకున్న నిర్ణయానికి ఎదురు నిలవాల్సి వచ్చినప్పుడు అధికార పార్టీ సభ్యుడి నోరు కట్టేసి ఉంటుంది. ఆ సభ్యుడి తలుపు దగ్గరే కూర్చుంటే గడువు దాటిపోతుంది. ఇప్పుడు ఆ అప్పీళ్ళు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి వెళ్తాయి, మనకి చెన్నై బెంచి. అనుమతి వచ్చిన 30 రోజుల్లో వెయ్యాలి, తగిన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు ఇస్తారు.

శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు పీడిస్తున్న ఉద్దానం ప్రాంతం దారి వేరు. కిడ్నీ జబ్బు ఏ పార్టీదీ కాదు, కవిటిలోనూ వజ్రపుకొత్తూరులోనూ మందసలోనూ ఒకేలా తింటోంది. పేరుతో, ఊరితో, రక్త పరీక్ష కాగితంతో రోగులే కనిపిస్తుంటే ఏ ప్రతినిధీ మొహం తిప్పుకోలేకపోయాడు. డయాలసిస్ కేంద్రాలు, నెలకి 10,000 రూపాయల పింఛను, హిరమండలం నుంచి సుమారు 700 కోట్లతో తాగునీటి పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రి ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఆసుపత్రి, నీటి పథకం రెండూ 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. వచ్చేలోపు ఎంతమంది పోయారో తలుచుకుంటే ఇంత ఆలస్యాన్ని విజయం అనడానికి మనసొప్పదు. పార్టీలు మారినా అడిగేవాళ్ళు మారకపోవడం వల్లే ఈ మాత్రమైనా జరిగిందని నా లెక్క.

ఇక, చురుగ్గా ఉండలేనివాళ్ళ సంగతి. మన జిల్లాల్లో ఇదే అన్నిటికన్నా పెద్ద సమస్య. హైదరాబాద్, చెన్నై, విశాఖ పనులకి వెళ్ళినవాళ్ళు, గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళు, గుజరాత్ వేరావల్ బోట్ల మీద చేపల వేటకి వెళ్ళినవాళ్ళు గ్రామసభకి రాలేరు, సోమవారం కలెక్టరేట్‌కి రాలేరు. ఉన్న ఊళ్ళోంచే ఓటు వేసే రిమోట్ యంత్రాన్ని ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీలతో చర్చకి పెట్టింది, అది వాడుకలోకి రాలేదు. విదేశంలో ఉన్నవాళ్ళు ఫారం 6ఏ తో నమోదైనా స్వయంగా వచ్చి ఓటెయ్యాల్సిందే. 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకెళ్ళిన మన రెండు జిల్లాల మత్స్యకారులు 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. వాళ్ళ తరఫున అడగడానికి ఇంటి దగ్గర మిగిలింది ఆడవాళ్ళే. అర్జీ రాసే చేతులున్న ఊరికే పనులు జరుగుతాయంటే, ఇలాంటి ఊళ్ళకి అన్యాయం రెండింతలు అవుతుంది.

దీనికి ఊళ్ళో ఉన్నవాళ్ళు చెయ్యగలిగే పనులున్నాయి. ఇల్లు తాళం వేసి ఉంటే బీఎల్‌వో (ఓటర్ల జాబితా చూసే బూత్ స్థాయి అధికారి) "వలస వెళ్ళారు" అని రాసుకుపోతారు, తర్వాత ఫారం 7 మీద పేరు తీసేస్తారు. కాబట్టి జాబితా సవరణ రోజుల్లో పొరుగింటివాళ్ళు ఆ కుటుంబం ఫోన్ నంబరు దగ్గర పెట్టుకుని బీఎల్‌వోతో మాట్లాడించాలి. ముసాయిదా జాబితా వచ్చినప్పుడు మన పేరుతో పాటు వాళ్ళ పేర్లూ చూడాలి. గ్రామసభ చట్ట ప్రకారం ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలి. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా 13,326 పంచాయతీల్లో ఒకేరోజు పెట్టారు, మన వలస కుటుంబాల్లో చాలామంది ఆ రోజు ఊళ్ళో లేరు. సంక్రాంతికి మాత్రం దాదాపు అందరూ వస్తారు. ఆ నాలుగు రోజుల్లో ఒక సభ పెట్టమని సర్పంచికి, పంచాయతీ కార్యదర్శికి డిసెంబరులోనే రాసివ్వండి. ఊరి పనుల జాబితా వాళ్ళ ముందు చదివి, తీర్మానం రిజిస్టరులో రాయించి, సంతకాలు తీసుకుని, నకలు మీద కార్యదర్శి ముద్ర వేయించుకోండి. ఎమ్మెల్యే కూడా పండక్కి నియోజకవర్గంలోనే ఉంటారు కాబట్టి కనుమ లోపే ఆ నకలు ఆయన చేతికి ఇచ్చి, అందినట్టు పీఏతో రెండో కాపీ మీద తేదీ వేయించుకోవచ్చు.